మిషను పక్కన డంబెల్స్: 20 కిలోల హోమ్ జిమ్ సెట్టు ఎలా ఉందంటే

ముందు సరుకు సంగతి. ఆన్‌లైన్లో "హోమ్ జిమ్ కాంబో" అని అమ్మే 20 కిలోల సెట్టు ఇది. నాకు 1,749 రూపాయలకు వచ్చింది. పెట్టెలో 2 కిలోల ప్లేట్లు 4, 3 కిలోల ప్లేట్లు 4, 14 అంగుళాల డంబెల్ రాడ్లు 2, మూడడుగుల వంపు రాడ్డు ఒకటి, వాటికి నట్లు, చేతి గ్లౌజులు, స్కిప్పింగ్ తాడు, చేత్తో నొక్కే గ్రిప్పరు ఉన్నాయి. పెట్టె మీద బొమ్మలో పొట్ట పలకలు దేలిన కుర్రాడు ఉంటాడు. నేను ఆ కుర్రాణ్ని కాదు. నెల్లూరు మూలాపేటలో బ్లౌజులు కుట్టుకునేదాన్ని, వయసు 46. నాలాంటి వాళ్లకు ఈ సెట్టు పనికొస్తుందా లేదా అన్నదే నేను రాసేది. పాతికేళ్ల పిల్లలకు వేరే లెక్క ఉండొచ్చు.

జిమ్ముకు ఎందుకు పోలేదంటే, ఫీజుకు భయపడి కాదు. మినీ బైపాస్ వైపు ఒక జిమ్ములో అడిగొచ్చాను. ఆడవాళ్లకు విడిగా టైము మధ్యాహ్నం 11 నుంచి 4 వరకు అన్నారు. నా దగ్గరికి బ్యాంకు వాళ్లు, టీచర్లు, కాలేజీ పిల్లలు కొలతలివ్వడానికి వచ్చేది సరిగ్గా ఆ టైములోనే. శ్రావణ మాసం వచ్చిందంటే భోజనానికి లేవడమే కష్టం, ఇంక బట్టలు మార్చుకుని బైపాసుకు ఎక్కడ పోయేది? సాయంత్రం రమ్మన్నా రాలేను, ఫాల్సు, హుక్సు పని అప్పుడే.

అయినా ఏదో ఒకటి చేయక తప్పలేదు. రోజంతా మిషను మీదికి వంగి కూర్చునే దాన్ని కదా, మెడ కింద, రెండు రెక్కల మధ్య ఒకటే లాగుడు. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి చూసి, "పొద్దున్నే నడుస్తున్నారు సరే ఆంటీ, వీపు కండకు పనేది?" అంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క కూడా తనే చెప్పింది. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలంట, దాంతో పాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం కూడా చేయాలంట. ఏ.సి. సుబ్బారెడ్డి స్టేడియంలో తెల్లారుజామున తిరిగే మాలో చాలామందిమి మొదటి సగం చేసి ఇడ్లీకి పోతాం. రెండో సగం ఎవరూ ఎత్తరు. ముప్ఫై దాటినప్పటి నుంచే కండ కొంచెం కొంచెం కరుగుతుందనీ, ముట్లు ఆగిపోయాక ఆడవాళ్లకు ఎముక కూడా పలచనవుతుందనీ ఆ అమ్మాయి చెప్పాక ఇంక వాయిదా వేయబుద్ధి కాలేదు.

ఇప్పుడు ప్లేట్లు. ఇవి ఇనుము కాదు. పైన నల్ల పి.వి.సి. డొల్ల, లోపల సిమెంటు ఇసుక మిశ్రమం. అందుకే అదే బరువున్న ఇనుప ప్లేటు కంటే లావుగా, వెడల్పుగా ఉంటాయి. పెట్టె తెరవగానే కొత్త ప్లాస్టిక్ చెప్పుల వాసన గుప్పుమంది, డాబా మీద నీడలో ఆరబెడితే కొన్నాళ్లకు పోయింది. బరువు నమ్మబుద్ధి కాక మా వీధి చివర కిరాణా కొట్టులో కాటా మీద పెట్టించాను. కొట్టాయన "చక్కెరా ఇది?" అని నవ్వాడు గానీ ఓపిగ్గా తూచాడు. 2 కిలోలని రాసిన ప్లేటు ఒక్కటీ 2 కిలోలు తూగలేదు. ఒకటి 1,880 గ్రాములు, ఇంకొకటి 1,960. మూడు కిలోలవీ అంతే. మొత్తం మీద తక్కువైంది కిలో లోపే, దానికి కొట్లాడక్కర్లేదు. కానీ కుడి చేతిలో ఒక బరువు, ఎడమ చేతిలో ఇంకో బరువు ఉంటే బాగోదు కదా. దగ్గర దగ్గర తూగినవి జతలు చేసి, పాత గోళ్ల రంగుతో చుక్కలు పెట్టుకున్నాను. ఒక చుక్క కుడికి, రెండు చుక్కలు ఎడమకి. మీరు తీసుకున్నా ఈ పని ముందే చేసుకోండి.

ఈ సెట్టులో నాకు నచ్చింది రాడ్లు. పట్టుకునే చోట గరుకు గీతలున్నాయి, చెమట పట్టినా జారదు. రెండు చివర్లా మర ఉంటుంది, నక్షత్రంలా ఉండే నట్టు తిప్పి బిగించాలి. నట్టు లోపల ఒక రబ్బరు రింగు ఉండాలి, అదే నట్టు వదులు కాకుండా పట్టి ఉంచేది. నాకొచ్చిన నాలుగు నట్లలో ఒకదానికి రింగు లేదు. రింగు లేని నట్టు పదిసార్లు చేయి ఆడిస్తే చాలు, అర చుట్టు వెనక్కి తిరుగుతుంది, ప్లేటు కటకటమంటుంది. తల మీదికి ఎత్తేటప్పుడు ఆ చప్పుడు వింటే గుండె జారిపోతుంది. మోటారు మెకానిక్ దగ్గర అదే సైజు రింగు దొరికింది. ఇంకో సంగతి, మర మొదట్లో బిర్రుగా, గరగరలాడుతూ ఉంటుంది. దానికి కుట్టు మిషను నూనె రెండు చుక్కలు వేసి నాలుగుసార్లు తిప్పి గుడ్డతో తుడిస్తే వెన్నలా తిరుగుతుంది. నూనె మరకే వేయండి, చేత్తో పట్టుకునే చోట వేయొద్దు. పైన క్రోమ్ పూత పలచన. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, ఆ చెమ్మకు మర మొదట్లో తుప్పు చుక్కలు లేచాయి. వాడాక పొడిగుడ్డతో తుడిచిపెడితే పెరగలేదు.

గ్లౌజుల సంగతి చెప్పడానికి నాకంటే సరైన మనిషి ఉండదనుకుంటా. అరచేయి మీద అతికిన రెగ్జిన్ ముక్కను ఒంటి కుట్టుతో లాగించేశారు, చివర ముడి కూడా వేయలేదు. దారం కొస పట్టుకుని లాగితే సర్రున లేచొచ్చింది. బొటనవేలి సందులో అదనపు గుడ్డ వదల్లేదు, వేళ్లు చాపితే అక్కడే చిరుగుతుంది. నేను విప్పి డబుల్ కుట్టు వేసుకున్నాను గానీ ఇంట్లో మిషను లేని వాళ్లు ఏం చేస్తారు? వట్టి చేతులతో పట్టుకోవడమే మేలు, ఆ రాడ్డుకు గ్లౌజులు అక్కర్లేదు కూడా. స్కిప్పింగ్ తాడు పిల్లలకిచ్చేశాను. గ్రిప్పరు పెద్దోడు తీసుకున్నాడు, కత్తెర పట్టి పట్టి నా వేళ్లకు ఆ పని ఎప్పుడో అయిపోయింది. మూడడుగుల వంపు రాడ్డు బీరువా వెనక నిలబడి ఉంది. అంటే పెట్టెలో సగం సామాను లెక్క పెంచడానికి వేసిందే.

అసలు లోపం వేరే ఉంది, కొనేవాళ్లు ఇదే చూసుకోవాలి. ఒక్కో రాడ్డు దాదాపు కిలో తూగుతుంది. దానికి అటు ఒకటి, ఇటు ఒకటి 2 కిలోల ప్లేట్లు వేస్తే 5 కిలోలు. ఈ సెట్టులో అన్నిటికన్నా తేలిక డంబెల్ అదే. దాని తరవాతది 3 కిలోల ప్లేట్లతో 7 కిలోలు. మధ్యలో ఏమీ లేదు. 5 నుంచి 7 అంటే ఒకేసారి నలభై శాతం పెరిగినట్టు. బ్లౌజు వదులుగా ఉందని చెప్తే ఒక్క దెబ్బకు రెండు పక్కలా రెండేసి అంగుళాలు పట్టేసినట్టుంటుంది. బరువులతో వ్యాయామమంటేనే కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవడం. 12 సార్లు సులువుగా వస్తుంటే కాస్త పెంచాలి, 8 సార్లకే ఎత్తే తీరు చెడిపోతుంటే దించాలి. ఈ సెట్టులో ఆ "కాస్త" లేదు.

అందుకని పనిని బట్టి సర్దుకున్నాను. కాళ్లకు బలమెక్కువ కాబట్టి కుర్చీలో కూర్చుని లేచే వ్యాయామానికి 5 కిలోల డంబెల్ గుండెలకు ఆనించి పట్టుకుంటే సరిపోయింది. నడుం వంచి, ఒక చేయి కటింగు బల్ల మీద ఆనించి, ఇంకో చేత్తో డంబెల్‌ను నడుము దాకా లాగడం ఇంకొకటి. నా వీపు లాగుడుకు పనిచేసింది ఇదేనని నా నమ్మకం. భుజాల పైకి ఎత్తడానికి మాత్రం ఆ 5 కిలోలు నా వల్ల కాలేదు. లీటరు నీళ్ల సీసాలు రెండు తీసుకున్నాను, లీటరు నీళ్లంటే కిలో, ఎవరూ మోసం చేయలేని తూకం. వ్యాయామానికి డబ్బు పెట్టే ముందు కొన్నాళ్లు వీటితో చేసి చూడమని నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, ఎత్తుతూ వదలాలి. బిగబడితే బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు ముందు డాక్టర్ని అడిగి మొదలుపెట్టండి. మొదటి వారం తొడల నొప్పి మరుసటి రోజు కంటే ఆ పై రోజు ఎక్కువగా ఉంటే కంగారు పడొద్దు, కొత్తగా చేసేవాళ్లకు ఒకటి రెండు రోజుల తరవాతే అది ముదిరి తగ్గుతుంది. కీళ్లలో సూదితో పొడిచినట్టుంటే అది వేరు, ఆపేయాలి.

డంబెల్స్ ఎక్కడ పెట్టుకున్నారన్నది ఎంత బరువన్న దానికన్నా ముఖ్యం. మొదట మంచం కింద పెట్టాను, తీసే నాథుడు లేడు. ఇప్పుడు మిషనుకు కుడి పక్కన, ఇస్త్రీ బల్ల కింద, గోనెపట్టా మడత మీద ఉంటాయి. ఒక బ్లౌజు చేతులు అతికించి లేచినప్పుడు ఒక పట్టు, బాబిన్ చుట్టుకుంటుండగా ఇంకో పట్టు. అరగంట ఎక్కడా దొరకదు గానీ మూడేసి నిమిషాలు బోలెడు దొరుకుతాయి. జిమ్ము నాకు కుదరకపోవడానికీ ఇల్లు కుదరడానికీ తేడా ఇదొక్కటే. కాకపోతే ఇట్టా చేయాలంటే మాటిమాటికీ నట్లు విప్పి ప్లేట్లు మార్చడం కుదరదు. అందుకే 5 కిలోల జత బిగించింది బిగించినట్టే ఉంచేశాను. మే నెలలో మాత్రం పైకప్పు సెగకు మధ్యాహ్నాలు వద్దనుకున్నాను. రోహిణి కార్తెలో కుట్టడానికే చెమటలు కారిపోతుంటే ఇంక బరువులేంది?

కొలతలకొచ్చే వాళ్లకు ఇది పెద్ద వేడుకైంది. "ఏందక్కా, కోడి రామమూర్తి అవుదామనా?" అని ఒకామె. ఇంకో అమ్మాయికి భయం, చేతులు మగవాళ్లలా లావెక్కుతాయని. అట్ట ఊరికే ఎక్కవు. మగవాళ్లకుండే టెస్టోస్టిరాన్ మనకు చాలా తక్కువ. అంత కండ కావాలంటే ఏళ్ల తరబడి తిండీ బరువులూ లెక్కగా పెట్టాలి. 2000లో సిడ్నీలో మన కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినప్పుడు నేను కొత్తగా మిషను నేర్చుకుంటున్నా. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారతీయ స్త్రీ. ఆమె ఎత్తినదానిలో మనవి ఏ మూలకు, భయపడాల్సిన పనేముంది?

గట్టిదనం గురించి ఒక ఫిర్యాదు. 3 కిలోల ప్లేటు ఒకటి చేయి జారి బల్ల ఎత్తు నుంచి పడింది. నాపరాయికి ఏమీ కాలేదు, ప్లేటు అంచున బీట ఇచ్చి బూడిదరంగు పొడి రాలడం మొదలైంది. అమ్మినవాళ్లకు ఫొటో పెడితే వాపసు గడువు దాటిందన్నారు, రింగు లేని నట్టుకు కూడా అదే జవాబు. బీటకు ఎం-సీల్ పెట్టి పూడ్చాను, ఇప్పటికైతే నిలబడింది. ఇనుము అయితే ఈ బాధ ఉండదు, కానీ కింద పడితే నేల పగిలేది. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకు, కింద ఇంటి ఓనరు ఉన్నవాళ్లకు ఈ పి.వి.సి. యే నయం. ఏదైనా కింద గోనెపట్టా గానీ రబ్బరు చాప గానీ వేయకుండా పెట్టొద్దు, చిన్నపిల్లలుంటే ఎత్తున అసలు పెట్టొద్దు.

ఫలితం అంటారా, మెడనొప్పి మాయమైందని నేను రాయను, పెళ్లిళ్ల సీజన్లో ఇంకా వస్తుంది. కానీ సాయంత్రానికి వీపు మీద ఎవరో మోకాలు పెట్టి కూర్చున్నట్టుండేది తగ్గింది. ఓవర్‌లాక్ మిషను పక్కకు జరపడానికి పెద్దోణ్ని పిలవడం మానేశాను.

ఐదుకు మూడు ఇస్తాను. రాడ్లకు, ధరకు ఆ మూడు. మొదలుపెట్టే ఆడవాళ్లు 20 కిలోల జోలికి పోకండి, 10 కిలోల సెట్టు చాలు, కాకపోతే అందులో చిన్న ప్లేట్లు ఉన్నాయా అని చూసి కొనండి. ఇప్పటికే పెద్దది కొనేసిన వాళ్లు ట్రంకు రోడ్డు వైపు క్రీడా సామాన్ల కొట్లలో అరకిలో ఇనుప ప్లేట్లు 4 తెచ్చుకోండి. నేను అట్నే తెచ్చుకున్నాను. వట్టి రాడ్డుకు అవి వేస్తే 2 కిలోలు, 5 కిలోల దానికి కలిపితే 6, 7 దానికి కలిపితే 8. నీళ్ల సీసాలు మళ్లీ ఫ్రిజ్జులోకి పోయాయి. కొట్టుకు పోయేటప్పుడు రాడ్డు మందం అంగుళం అని నోటితో చెప్పి తెచ్చుకోవద్దు, ప్లేటు రంధ్రాలు రకరకాలుగా ఉంటాయి. రాడ్డే సంచిలో వేసుకుని పోయి, అక్కడే దూర్చి చూసుకుని డబ్బులివ్వండి.