యాంకరేజ్‌లో ఐదు వేసవులు: చేపల వేట, వారాంతపు ప్రయాణాలపై ఒక సమీక్ష

ఉద్యోగరీత్యా అలాస్కాలోని యాంకరేజ్‌కు వచ్చి ఐదు వేసవులు, నాలుగు శీతాకాలాలు గడిచాయి. ఇంటి నుంచి బయలుదేరి ఒకటి రెండు రోజుల్లో తిరిగి రాగలిగిన చేపల రేవులనూ, చూడదగిన చోట్లనూ ఈ కాలమంతా దాదాపు ప్రతి వారాంతమూ తిరిగాను. ఒకసారి వెళ్లి వచ్చినవారు ఫొటోల ఉత్సాహంలో రాసే మాటలకూ, అదే దారిలో ముప్పై నలభై సార్లు వెళ్లినవాడు చెప్పే మాటకూ తేడా ఉంటుంది కనుక, కొత్తగా ఇక్కడికి వచ్చే తెలుగువారికి ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

మొదటి వేసవిలో నేను చేసిన పొరపాటు శని, ఆదివారాలను ముందుగా ఖాయం చేసుకుని ఆ రోజుల్లో చేపలు దొరుకుతాయని ఆశించడం. సాల్మన్ సముద్రం నుంచి నదిలోకి గుంపులు గుంపులుగా వస్తుంది. ఒక గుంపు దాటిపోయాక మరో గుంపు వచ్చేదాకా అదే నదిలో ఉదయం నుంచి సాయంత్రం దాకా నిలబడినా చేయి తడవడమే తప్ప గాలం కదలదు. ఆ ఏడాది వరుసగా నాలుగు శనివారాలు ఖాళీ పెట్టెతో ఇంటికి వచ్చాను. రెండో ఏడాది నుంచి శుక్రవారం రాత్రి రెండే చూసుకుంటున్నాను: రాష్ట్ర చేపల శాఖ సోనార్ (నీటిలోకి ధ్వని తరంగాలు పంపి చేపలను కనిపెట్టే పరికరం) సాయంతో నదిలో చేపలను లెక్కించి రోజూ ప్రకటించే సంఖ్య ఒకటి, మర్నాటి ఆటుపోట్ల పట్టిక రెండవది. సంఖ్య పెరుగుతూ ఉంటే గాలం సర్దుతాను, పడిపోయి ఉంటే అదే రహదారి మీద చూడవలసినవాటికి కుటుంబంతో బయలుదేరుతాను. ఈ ఒక్క మార్పు వల్ల వ్యర్థమైన వారాంతాలు బాగా తగ్గాయి.

లైసెన్సు విషయం ముందుగా చెప్పాలి. అలాస్కాలో 12 నెలల నివాసం పూర్తయ్యేవరకు మనం స్థానికులం కాము. అప్పటిదాకా ఏడాది లైసెన్సు 100 డాలర్లు, ఆ తరువాత స్థానికులకు 20 డాలర్లు. సాల్మన్లలో అన్నిటికంటే పెద్దదైన కింగ్ సాల్మన్ పట్టాలంటే దానికి వేరే స్టాంపు కొనాలి. స్థానికుల పిల్లలకు 18 ఏళ్లు నిండేవరకు లైసెన్సు అవసరం లేదు. ఇవన్నీ తేలికైన నియమాలే కాని, ఏ రేవులో ఎన్ని పట్టవచ్చు, ఎర వాడవచ్చా, ఏ వంతెన నుంచి ఏ బోర్డు వరకు అనుమతి అనేవి చోటుచోటుకూ మారతాయి, పైగా వేసవి మధ్యలో అత్యవసర ఉత్తర్వులతో కూడా మారిపోతాయి. నిరుటి పుస్తకం చూసుకుని వెళ్లి జరిమానా కట్టినవారిని చూశాను.

ఇక వేట సంగతి. యాంకరేజ్ నుంచి దక్షిణంగా సుమారు 100 మైళ్లు వెళితే కూపర్ ల్యాండింగ్ వస్తుంది. దాని సమీపంలో రష్యన్ నది వచ్చి కీనై నదిలో కలుస్తుంది. ఆ సంగమం దగ్గర ఎర్ర సాల్మన్, అంటే సాకై, జూన్‌లో ఒకసారి, జూలై మధ్య నుంచి ఆగస్టు దాకా మరోసారి వస్తుంది. మొదటి విడత వేట జూన్ 11న మొదలవుతుంది. హిమానీనదాల నుంచి కొట్టుకొచ్చే సన్నని రాతిపిండి వల్ల కీనై నీరు నెమలికంఠపు రంగులో ఉంటుంది. అవతలి ఒడ్డుకు చేర్చే పంటును ఇంజనుతో కాక, ఉక్కుతాడు ఆధారంగా నదీ ప్రవాహంతోనే నడిపిస్తారు. గోదావరి రేవుల్లో పంట్లు ఎక్కి పెరిగినవాడిని కనుక మొదటిసారి దాన్ని చూసినప్పుడు గాలం సంగతి మరిచి రెండుసార్లు అటూ ఇటూ దాటాను.

సాకై వేటలో మొదట నేర్చుకోవలసింది, అది నదిలోకి వచ్చాక దాదాపు మేత మానేస్తుందన్న సంగతి. ఎర చూపి ఊరించడం ఇక్కడ పని చేయదు. చిన్న సీసం గుండు కట్టిన దారాన్ని ప్రవాహానికి అడ్డంగా విసిరి, నది అడుగున దొర్లుతూ పోనిస్తే, నోరు తెరుచుకుంటూ ఎదురీదే చేప దవడకు కొక్కెం తగులుతుంది. నోటికి కాక ఒంటికి తగిలిన చేపను మంచినీటి రేవుల్లో తప్పకుండా వదిలేయాలి. రోజంతా పది తగిలితే ఆరేడు ఇలాంటివే అయిన రోజులు నాకు ఉన్నాయి. రెండవది, సాకై ఒడ్డుకు చాలా దగ్గరగా, కొన్ని అడుగుల దూరంలోనే ఈదుతుంది. కొత్తవారు నడుము లోతుకు దిగి నడి నదిలోకి విసురుతారు, చేపలేమో వారి వెనుక నుంచి పోతుంటాయి. నేను ఒక వేసవి అంతా ఇలాగే చేశాను. పక్కన నిలబడిన ముసలాయన ఒకరు ఏమీ మాట్లాడకుండా నా భుజం పట్టి రెండడుగులు వెనక్కి లాగిన తరువాతే నా మొదటి మూడు చేపలు పడ్డాయి.

జనం మాత్రం విపరీతం. భుజం భుజం ఆనించి నిలబడతారు, కొక్కేలు గాలిలో ఎగురుతుంటాయి. కళ్లద్దాలు లేకుండా ఆ వరుసలో నిలబడవద్దని గట్టిగా చెబుతాను. మనుషుల వెనుకే ఎలుగుబంట్లు ఉంటాయి. తాడుకు గుచ్చి నీళ్లలో వదిలిన నా చేపలను మూడో ఏడాది ఒక గోధుమరంగు ఎలుగు తాడుతో సహా పట్టుకుపోయింది, అది వెళ్లేదాకా మేమంతా మాట్లాడుకుంటూ మెల్లగా వెనక్కి నడిచాము. అప్పటి నుంచి చేపను పట్టిన వెంటనే శుభ్రం చేసి, ముళ్లగూడును చిన్న ముక్కలుగా కోసి వేగంగా పారే నీటిలోకి విసిరేస్తాను, సంచీని చేయి చాస్తే అందేంత దూరంలో ఉంచుకుంటాను. ఎలుగును తరిమే మిరియపు స్ప్రేను నడుముకే కట్టుకోవాలి, కారులో పెట్టుకుంటే ప్రయోజనం లేదు.

పులస తెలిసినవారికి ఈ చేప గురించి ఒక మాట. రెండూ సముద్రం నుంచి నదికి ఎదురీదేవే. కాని గోదావరి ఎర్రనీటిలోకి వచ్చాకే పులసకు రుచి పట్టిందని మనం అనుకుంటాము. సాకై విషయంలో సరిగ్గా ఇది తలకిందులు. నదిలో ఎంత పైకి వెళితే అంతగా దాని కొవ్వు కరిగి, వెండి రంగు పోయి, ఒళ్లు ఎర్రగా, తల ఆకుపచ్చగా మారి మాంసం చప్పబడుతుంది, గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది. అందుకే వెండి రంగు తగ్గని చేపనే తీసుకోవాలి. మాంసం నారింజ ఎరుపుగా, గట్టిగా ఉంటుంది కాబట్టి పులుసులో ముక్క నిలుస్తుంది, అయితే పులసకున్నంత నూనె ఉండదు. చింతపండు కాస్త తగ్గించి, గరిట పెట్టకుండా గిన్నెనే పట్టి తిప్పితే బాగా కుదురుతుందని మా ఇంట్లో ఐదేళ్ల ప్రయోగం తేల్చింది.

చేపల కోసమే వెళ్లేవారికి, స్థానిక నివాసం వచ్చాక, కీనై నది ముఖద్వారంలో జూలై 10 నుంచి 31 వరకు సాగే పెద్ద చేతివల వేటకు సాటి లేదు. ఇది ఆట కోసం కాదు, ఇంటి తిండి కోసం రాష్ట్రం స్థానికులకు మాత్రమే ఇచ్చే హక్కు. కుటుంబ పెద్దకు 25, మిగిలిన ఒక్కొక్కరికి 10 చొప్పున పట్టవచ్చు. అంటే నలుగురున్న మా ఇంటికి 55. పొడవైన పిడి ఉన్న వలను పట్టుకుని చన్నీటిలో నిలబడి, చేప తగిలినప్పుడు వెనక్కి నడుచుకుంటూ ఒడ్డుకు లాగాలి. పట్టిన ప్రతి చేపకూ తోక రెండు కొసలూ కత్తిరించాలి, అనుమతి పత్రంలో రాయాలి, ఒక్కటీ పడకపోయినా ఆగస్టు 15లోగా లెక్క సమర్పించాలి. ఒకే రోజులో 31 పట్టిన రోజూ ఉంది, ఎనిమిది గంటలు నిలబడి రెండు పట్టిన రోజూ ఉంది. తేడా అంతా ముందు రోజు సోనార్ సంఖ్యలోనూ, పోటు సమయంలోనూ ఉంది. నేను దీనికి పూర్తి మార్కులు ఇవ్వను, ఎందుకంటే ఇసుక, చలి, జనం, తరువాత రాత్రి తెల్లవార్లూ చేపలు కోయడం కలిసి సోమవారం ఆఫీసులో మనిషి నిలబడలేడు. కాని ఫ్రీజర్ నిండేది దీనితోనే.

కింగ్ సాల్మన్ మీద ఆశతో వచ్చేవారు కాస్త నిదానించాలి. 1985 మేలో లెస్ ఆండర్సన్ అనే ఆయన కీనైలో పట్టిన 97 పౌండ్ల 4 ఔన్సుల చేపే నేటికీ గాలపు వేటలో రికార్డు, అంటే సుమారు 44 కిలోలు. అదే నదిలో ఇటీవలి సంవత్సరాల్లో కింగ్ తగ్గిపోయి దాని వేటను మూసివేశారు. నగరం నడిబొడ్డునే ఉన్న షిప్ క్రీక్‌లో మాత్రం జూన్‌లో కింగ్, ఆగస్టులో సిల్వర్ సాల్మన్ వస్తాయి. ఆఫీసు అయ్యాక రెండు గంటలు గాలం వేసి రావచ్చు కనుక అది నాకు చాలా నచ్చినా, పోటుతో పాటు చేప, ఆటుతో పాటు బురద వస్తాయి. ఆ బురదలో ఒక బూటు ఇప్పటికీ ఉంది.

చేపల సంఖ్య పడిపోయిన వారాంతాలకు నా మొదటి ఎంపిక సూయర్డ్ రహదారి. యాంకరేజ్ నుంచి సూయర్డ్ అనే రేవు పట్టణం వరకు 127 మైళ్లు. తొలి భాగమంతా ఒకవైపు నిట్టనిలువు కొండ, మరోవైపు టర్నగైన్ ఆర్మ్ అనే సముద్రపు పాయ. 1778లో కెప్టెన్ కుక్ బృందం అట్లాంటిక్‌కు దారి దొరుకుతుందేమోనని ఇందులోకి వచ్చి వెనుదిరగవలసి వచ్చినందువల్ల, ‘మళ్లీ తిరుగు’ అని అర్థమిచ్చే ఆ పేరు పడింది. ఇక్కడి ఆటుపోట్ల తేడా 30 అడుగులకు పైగా ఉంటుంది. అమావాస్యకూ, పౌర్ణమికీ దగ్గరి రోజుల్లో, ఆటు తరువాత పోటు నీరు ఒక గోడలా లేచి పాయ పొడవునా ముందుకు వస్తుంది. బెలూగా పాయింట్ దగ్గర కారు ఆపి ఆ అలను చూడటానికి రూపాయి ఖర్చు లేదు, పంచాంగం ఉంటే చాలు. ఆగస్టు, సెప్టెంబరుల్లో సాల్మన్ వెంట తెల్లని బెలూగా తిమింగలాలు కూడా అక్కడికే వస్తాయి. మా పిల్లలు ఇవి రెండూ చూసినన్ని సార్లు మరేదీ చూడలేదు. కాని నీరు తీసినప్పుడు కనిపించే ఆ బూడిదరంగు బురద మీద అడుగు పెట్టకూడదు, గట్టిగా కనిపిస్తూనే కాలును బిగించి పట్టేస్తుంది, ఆ తరువాత పోటు వస్తుంది.

పాయ చివర రోడ్డు పక్కన బూడిదరంగులో నిలిచిన ఎండు చెట్లు కనిపిస్తాయి. 1964 మార్చి 27న వచ్చిన 9.2 తీవ్రత భూకంపంలో ఆ నేల కుంగి, ఉప్పునీరు లోపలికి వచ్చి చెట్లన్నీ చచ్చాయి. పోర్టేజ్ అనే ఊరిని కూడా అప్పుడే వదిలేశారు. అక్కడి నుంచి విటియర్ అనే చిన్న ఊరికి వెళ్లే సొరంగం రెండున్నర మైళ్లు. రైళ్లూ కార్లూ ఒకే వరుసలో వెళ్లాలి కాబట్టి దిశను మార్చి మార్చి వదులుతారు. అటు వెళ్లేందుకు గంటకు ఒకసారే తెరుస్తారు, రెండు నిమిషాలు ఆలస్యమైతే గంట కూర్చోవాలి, నేను మూడుసార్లు కూర్చున్నాను. విటియర్‌లో చూడవలసింది, ఊరి జనంలో అధిక భాగం నివసించే ఆ ఒకే 14 అంతస్తుల భవనం.

సూయర్డ్ దగ్గరి ఎగ్జిట్ గ్లేసియర్ అనే హిమానీనదాన్ని నేను ఏటా ఒకసారి చూస్తాను. ఏ సంవత్సరంలో మంచు ఎక్కడిదాకా ఉండేదో తెలిపే పలకలు దారి పొడవునా పాతారు. 1917 పలక అడవిలో ఉంటుంది. 2010 పలక దగ్గర నిలబడితే మంచు అంచు ఎంతో పైన కనిపిస్తుంది. నా మొదటి ఏడాది ఫొటోకూ, ఈ ఏడాది ఫొటోకూ తేడా పిల్లలకు చూపించనవసరం లేకుండానే వారే కనిపెట్టారు.

సముద్రంలో పడవ మీద వేటకు వెళ్లే హోమర్ అనే ఊరి గురించి తక్కువే చెబుతాను. అక్కడ దొరికే హాలిబట్ అనే బల్లపరుపు సముద్రపు చేప బాగుంటుంది. కాని 220 మైళ్లకు పైగా వెళ్లి, పేరు చెప్పని ఒక పడవ సంస్థకు ముందే డబ్బు కట్టి, గాలి ఎక్కువైందని ప్రయాణం రద్దయి, ఆ డబ్బు తిరిగి రావడానికి నాలుగు నెలలు పట్టింది. రెండోసారి పడవ కదిలింది, నేను కదల్లేదు. ఆరు గంటలు బల్ల మీద పడుకుని వాంతులు చేసుకున్నాను.

సామాను విషయంలో, నీళ్లలో దిగే బూట్లకు రబ్బరు అడుగులే కొనాలి. ఒక నది నుంచి మరో నదికి క్రిములనూ నాచునూ మోస్తాయని ఉన్ని అడుగుల బూట్లను 2012లో ఇక్కడి మంచినీటి వేటలో నిషేధించారు. నా ఛాతీ దాకా వచ్చే రబ్బరు దుస్తులు నాలుగో ఏడు కుట్ల దగ్గర కారసాగాయి, అతికించినా నిలవలేదు. దోమల వల టోపీ మాత్రం ఐదేళ్లూ చెక్కు చెదరలేదు. తిరుగు ప్రయాణంలో నిద్ర గురించి జాగ్రత్త: జూన్‌లో 19 గంటలకు పైగా పగలే ఉండటంతో రాత్రి పదకొండున్నర అయిందని ఒంటికి తెలియదు, రెండు వరుసల రోడ్డు మీద ఎదురుగా లారీ వస్తుంది. వెనుక ఐదు వాహనాలు చేరితే పక్కకు తప్పుకోవాలన్నది ఇక్కడి చట్టం, దాన్ని నేను కునుకు తీయడానికి సాకుగా వాడుకుంటాను.

శీతాకాలంలో పగలు ఐదున్నర గంటలకు కుదించుకుపోయాక దూర ప్రయాణాలు మానేస్తాము. నగరంలోని జ్యూయెల్ లేక్ వంటి చెరువుల్లో రాష్ట్రమే ట్రౌట్ పిల్లలను వదులుతుంది. గడ్డకట్టిన చెరువు మీద నిలబడి, మంచుకు వేసిన బెజ్జంలోంచి గాలం వేస్తాము. మంచు కనీసం నాలుగు అంగుళాల మందం ఉందని బెజ్జం వేసి చూసుకున్నాకే నడవాలి. నీటి మీద మళ్లీ పేరుకునే మంచు తునకలను తీసిపారేయడానికి వేరే గరిట అమ్ముతారు కాని, మా ఇంట్లో బూరెలు తీసే చిల్లుల గరిట అంతకంటే బాగా పని చేస్తోంది. దాన్ని వంటింట్లోకి తిరిగి తేవద్దని నా భార్య కచ్చితంగా చెప్పడంతో ఇప్పుడు అది గాలాల పెట్టెలోనే ఉంటోంది.