వాకర్ చుట్టుపక్కల చలివేట: పొరల ఎంపిక, బసల బేరీజు

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో తుపాకీతో జింకలను వేటాడే కాలం నవంబరు మొదట్లో వస్తుంది. మినియాపోలిస్ నుంచి ఉత్తరంగా మూడు గంటలకు పైగా కారులో వెళితే వచ్చే వాకర్ పరిసరాల్లోని చిప్పెవా జాతీయ అడవిలో ఎవరైనా లైసెన్సు తీసుకుని వేటాడవచ్చు కాబట్టి మా మిత్రబృందం అక్కడికే వెళుతుంది. ఈ వేటలో నడక తక్కువ. తెల్లవారకముందే చెట్టు మొదట్లో చేరి గంటల తరబడి కదలకుండా కూర్చోవాలి.

ఒంటిని అంటుకునే పొరకు మెరీనో జాతి గొర్రెల సన్నని ఉన్నికి మించినది నాకు కనబడలేదు. నూలు బనియను చెమటకు తడిస్తే త్వరగా ఆరదు సరికదా, ఒంటి వేడిని లాగేస్తుంది. ఉన్ని పొరమీద ఫ్లీస్ (మెత్తని నూగు ఉండే కృత్రిమ నార గుడ్డ) చొక్కా చాలు. అసలు తర్జనభర్జన ఆపై జాకెట్టు గురించే. బాతు ఈకల జాకెట్టు తేలికైనది, చాలా వెచ్చనిది. అయితే వానా మంచూ కలిసి కురిసే రోజున ఈకలు తడిసి ముద్దకట్టి, లోపల గాలిని పట్టి ఉంచలేవు. అందుకే 1980లలో అమెరికా సైన్యం కోసం రూపొందిన ప్రైమాలాఫ్ట్ వంటి కృత్రిమ నారనే నేను ఎంచుకుంటాను. ఆ జాకెట్టు పైగుడ్డ నైలాన్ గరగర జింక చెవిన పడకుండా దానిపైన ఉన్ని చొక్కా వేస్తాను. చట్ట ప్రకారం టోపీ, నడుముపై భాగపు పైదుస్తులు మెరిసే నారింజ లేదా గులాబీ రంగులో ఉండాలి కనుక, వీటన్నిటిమీదా పట్టేంత వదులైన నారింజ వెస్టు కొనాలి. నడిచేటప్పుడు జాకెట్టును సంచిలోనే ఉంచి, కూర్చున్నాకే తొడుక్కోవాలి. మనవాళ్లు కొత్తలో రెండేసి జతల మేజోళ్లు తొడుగుతారు. బూటు బిగుసుకుని రక్తప్రసరణ తగ్గి వేళ్లు మరింత కొంకర్లుపోతాయి.

బసను నేను ఒకే ప్రశ్నతో తూస్తాను: రాత్రికి రాత్రి బట్టలు ఆరతాయా? గుడారం చవకే, కానీ అందులో ఏదీ ఆరదు. తడి బూట్లు పొద్దున్నకు కర్రల్లా బిగుసుకుంటాయి. మోటెల్ గదిలో కిటికీ కింది హీటరు ముందు కుర్చీ వేసి ఆరబెట్టుకోవచ్చు, అయితే అడవి దూరం. కట్టెల పొయ్యి ఉన్న అద్దె క్యాబిన్‌లో పొయ్యి పైన తాడు కట్టి, బూట్ల లోపలి ఫెల్టు తొడుగులను బయటికి లాగి వేలాడదీస్తే తెల్లారేసరికి కరకరలాడతాయి. బట్టలకు పొగవాసన పడుతుంది, జింకలకేమో ముక్కు చురుకు. అందుకని పైచొక్కాను మాత్రం వరండాలోనే వదిలేస్తాం. ఒకచోట యజమాని పచ్చికట్టెలు ఇచ్చినందున గదినిండా పొగే తప్ప వేడి రాలేదు. అప్పటినుంచి అద్దె కన్నా ముందు కట్టెల సంగతే అడుగుతున్నాం. వేటకాలం మొదటి వారాంతానికి గదులు దొరకడం కష్టం కాబట్టి వేసవిలోనే ఫోను చేయడం మేలు.