రాష్ట్రీయ పంచాంగం: లెక్క ఖగోళశాస్త్రానిది, ఉపవాసం మీది

వాతావరణ శాఖ కింద పనిచేసే ఆఫీసు కృష్ణాష్టమి ఎప్పుడో చెప్పడమేమిటని హేతువాదులూ, సర్కారు వాళ్ళు తిథి తేల్చడమేమిటని కొందరు సిద్ధాంతులూ ముఖం చిట్లించే పుస్తకమిది. కోల్‌కతాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటర్ వేస్తుంది, తెలుగులోనూ వస్తుంది. దీనికి మూలం 1952లో వేసిన క్యాలెండర్ సంస్కరణ సంఘం. దాని అధ్యక్షుడు, భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా దేవుణ్ణి నమ్మని మనిషి!

చంద్రుడు సూర్యుణ్ణి దాటి 12 డిగ్రీలు జరిగితే ఒక తిథి. ఇంతవరకు నమ్మకంతో పనిలేదు. పేచీ చంద్రుడి నడక దగ్గర వస్తుంది. ఆ నడకలోని హెచ్చుతగ్గును పాత పంచాంగాల పూర్వ గణితం సుమారు 5 డిగ్రీలుగా తీసుకుంది. గ్రహణాలకు సరిపోయిన అంకె అది. అందుకే అమావాస్యకూ పౌర్ణమికీ పూర్వ గణితమూ, ఈ పుస్తకం వాడే దృగ్గణితమూ (ఆకాశంలో చంద్రుడు నిజంగా కనబడే చోటుకు సరిపోయే లెక్క) దగ్గర దగ్గరగానే ఉంటాయి. సూర్యుడి ఆకర్షణ వల్ల వచ్చే మరో సవరణ పూర్వ గణితంలో లేదు. అష్టమి నాటికి దానివల్ల తేడా రెండున్నర డిగ్రీల దాకా, అంటే సుమారు 5 గంటల దాకా పెరగవచ్చు. జన్మాష్టమి తగాదాల్లో కొన్నిటి మూలం ఇక్కడే ఉంది.

‘బాణవృద్ధి, రసక్షయం’ అని పాత లెక్క: తిథి 65 ఘడియలకు (ఘడియ అంటే 24 నిమిషాలు) మించదు, 54కు తగ్గదు. దృగ్గణితంలో సుమారు 50 నుంచి 67 దాకా పోతుంది. గ్రహణం కంటికి కనబడేది కనుక దానికి దృగ్గణితం, వ్రతఫలం కనబడనిది కనుక దానికి ఆర్ష గణితం (ఋషులు చెప్పిన పాత లెక్క) అనే వాదన పూర్వ సిద్ధాంతుల వైపు నుంచి ఉంది. తోసిపారేయదగ్గ మాట కాదు. కానీ అప్పుడు తిథిని చంద్రుడికి కట్టకూడదు.

వాడేటప్పుడు పొరపాటు జరిగేది సూర్యోదయం దగ్గర. ఇందులోని లెక్క 82°30' తూర్పు రేఖాంశం, 23°11' ఉత్తర అక్షాంశం ఉన్న కేంద్రానికి. రేఖాంశంలో డిగ్రీకి 4 నిమిషాలు. ఆ లెక్కన హైదరాబాద్‌కు 16 నిమిషాలు కలపాలి. అక్కడితో ఆగితే తప్పే. అక్షాంశం వల్ల జూన్ చివర్లో మరో 12 నిమిషాలు కలిసి తేడా 28 అవుతుంది, డిసెంబరు చివర్లో అదే 12 తగ్గి 4 నిమిషాలే మిగులుతుంది. తిథి ముగింపు మాత్రం దేశమంతా ఒకే క్షణం, దాన్ని సవరించకండి. ముగింపు సూర్యోదయానికి అరగంట లోపు పడితే మీ ఊరి సూర్యోదయం విడిగా చూడకుండా ఉదయ తిథి (సూర్యోదయానికి ఉన్న తిథి) రాసుకోవద్దు.

అమెరికాలో ఉన్నవాళ్ళకు ఇంకో మెలిక. ఉగాది నాటి పాడ్యమి మనకు ఉదయం 10 గంటలకు ముగిస్తే, డాలస్‌లో వేసవి సమయం ప్రకారం ముందురోజు రాత్రి 11.30కే అయిపోతుంది. మరునాడు అక్కడ సూర్యోదయానికి విదియ. ఉగాది ముందురోజే చేసుకోవాలి.

నచ్చనిది ఒకటుంది. తేదీలు శక సివిల్ క్యాలెండర్ ప్రకారం నడుస్తాయి. అందులో చైత్రం 1 మార్చి 22న (లీపు ఏడాదిలో 21న) వస్తుంది, మన చాంద్రమాన చైత్రం ఉగాదికి మొదలవుతుంది. ఒకే పేరుతో రెండు నెలలు ఉండటంతో కొత్తవాళ్ళు తడబడతారు. ముందు ఇంగ్లిషు తేదీ పట్టుకుని, తర్వాత తిథి గడికి వెళ్ళండి.