బరంపురంలో థాయ్ స్ట్రెచింగ్ వర్క్‌షాప్: ఇచ్చిన డబ్బుకి న్యాయమే, రెండో రోజు మధ్యాహ్నం తప్ప

గోపాల్‌పూర్ రోడ్డులో ఒక యోగా హాలు అద్దెకి తీసుకుని, బెంగళూరు నుంచి వచ్చిన టీచరమ్మ నడిపిన రెండు రోజుల క్లాసు ఇది. థాయ్ మసాజ్ మొత్తం కాదు, అందులోని స్ట్రెచింగ్ వరకే. ఫీజు 7,000, భోజనం అందులోనే. ఇప్పటికే మసాజ్ పని చేస్తున్నవాళ్ళనే చేర్చుకున్నారు.

నేను ఆడవాళ్ళకి మాత్రమే చేస్తాను. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పట్టు మగ్గాల ఇళ్ళవాళ్ళే. కండెలు చుట్టీ చుట్టీ భుజం పట్టేసినవాళ్ళు, గుంట మగ్గంలో కూర్చుని తుంటి బిగుసుకుపోయినవాళ్ళు. నూనె రాసి ఎంత మర్దనా చేసినా నాలుగు రోజులకి మళ్ళీ మొదటికే. పైగా ఒళ్ళు కనపడేలా పడుకోవాలంటే సిగ్గు. థాయ్ పద్ధతిలో నూనె ఉండదు, బట్టలు తీయక్కర్లేదు, నేల మీద పరుపు వేస్తే చాలు. అందుకే చేరాను.

మొదటి పూట ఒక్క స్ట్రెచ్ కూడా నేర్పలేదు. జీవకుడికి దండం పెట్టించారు. బుద్ధుడికి వైద్యం చేసిన మన జీవకుడినే థాయ్ వాళ్ళు ఈ విద్యకి మూలపురుషుడిగా కొలుస్తారట. ఆ తర్వాత అంతా మన ఒంటి గురించే. ఒక మోకాలు నేలకి ఆనించి ఎలా నిలబడాలి, మోచేతులు వంచకుండా బరువుని అరచేతుల్లోకి ఎలా దించాలి. చేతుల బలంతో లాగకండి, నడుముతో వాలండి అని ఎన్నిసార్లు చెప్పారో. ఫీజులో సగం ఈ పూటకే చెల్లు.

తొడ వెనక కండరానికి చేసేది చెప్తాను. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, ఒక కాలెత్తి, మడమని మన భుజానికి ఆనించుకోవాలి. చెయ్యి మోకాలికి పైన తొడ మీద ఉండాలి, చిప్ప మీద పడకూడదు. ఆవిడ ఊపిరి వదులుతున్నప్పుడే మనం ముందుకి వాలాలి. బిగుతు తగిలిన చోట ఆగి, మడమతో మన భుజాన్ని మెల్లగా నొక్కమనాలి. ఐదారు సెకన్లయ్యాక వదిలెయ్యమని మళ్ళీ వాలితే కాలు ఇంకాస్త వస్తుంది. ఈ నొక్కి వదలడం థాయ్ వాళ్ళది కాదు, ఫిజియోథెరపీలోది అని టీచరమ్మే చెప్పారు. అది నాకు నచ్చింది, అన్నీ ప్రాచీనమే అని అమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు కదా.

ఇచ్ఛాపురం నుంచి వచ్చిన ఒక అక్క నా జోడీ. ఆవిడ పొట్టి, నా మడమ ఆవిడ భుజానికి సరిగ్గా అందదు. "ఏం చెయ్యనమ్మా, ఎక్కి నిలబడనా?" అని నవ్వించింది. టీచరమ్మ చూసి, నా కాలికి పట్టీ వేసి లాగడం నేర్పారు.

ఎవరికి చెయ్యకూడదో కూడా గట్టిగానే చెప్పారు. ఎముకలు గుల్లబారినవాళ్ళకి, డిస్క్ జారి కాల్లోకి తిమ్మిరి దిగుతున్నవాళ్ళకి బలమైన మెలికలు వద్దు. తుంటి కీలు మార్పించుకున్నవాళ్ళ కాలిని పొట్ట మీదకి మడవకూడదు. పిక్కలో వాపూ నొప్పీ ఉంటే రక్తం గడ్డేమో అని ముందు డాక్టరు దగ్గరికి పంపాలి.

ఇక రెండో రోజు మధ్యాహ్నం. మనిషిని పాదాల మీద గాల్లోకి ఎత్తడం, బోర్లా పడుకోబెట్టి చేతులు పట్టుకుని పాము పడగలా లేపడం. ఫోటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. యాభై దాటిన మా రాట్నం పిన్నులకి అవి ఎందుకు? నాకు కావలసిన భుజం స్ట్రెచ్, పక్కకి తిప్పి పడుకోబెట్టి రెక్క ఎముక అంచున వేళ్ళు దూర్చి కదిపేది, హడావిడిగా తేల్చేశారు. టీ టైములో వెంటపడి మళ్ళీ చేయించుకున్నాను. విసుక్కోకుండా చూపించారు, అది ఆవిడ మంచితనం. చేతికిచ్చిన కాగితాల్లో మాత్రం బొమ్మ ఒక్కటీ లేదు, ఫోన్లో తీసుకున్న వీడియోలే దిక్కు.

నా దగ్గర ఇప్పుడు బాగా పనికొస్తున్నది ఆ భుజం స్ట్రెచ్చే. చీరతో కాలెత్తలేరు కాబట్టి వదులు పైజామాలు కుట్టించి పెట్టాను, మొదట్లో నవ్వారు గానీ ఇప్పుడు అడిగి మరీ వేసుకుంటున్నారు.

మసాజ్ కొత్తగా మొదలుపెడుతున్నవాళ్ళు దీనికి వెళ్ళకండి, ముందు కండరాలు చేతికి తెలియాలి. పని తెలిసినవాళ్ళు వెళ్ళొచ్చు. డబ్బు కట్టే ముందు భుజానికీ మెడకీ ఎంతసేపు ఇస్తారో ఫోన్ చేసి కనుక్కోండి.