మోకాళ్ళ నొప్పికి ఏళ్ళ తరబడి వాడి చూసినవి: ఖరీదైన డబ్బాలు, ఇంటి కాపడాలు

మోకాళ్ళ నొప్పి అంటే చాలు, మా పర్లాకిమిడిలో సలహాలకు లోటుండదు. పక్కింటి ఒడియావాళ్ళు ఒక నూనె చెప్తారు, పాతపట్నం నుంచి వచ్చిన చుట్టాలు ఒక బెల్టు చెప్తారు, టీవీ పెడితే ఫోన్ నంబరుతో సహా ఇంకో డబ్బా కనిపిస్తుంది. నాది కీలు అరుగుదల అని ఎక్స్‌రే చూసి డాక్టరుగారు తేల్చి చాలా ఏళ్ళయింది. అప్పట్నుంచీ ఖరీదైనవీ వాడాను, ఖర్చు లేనివీ వాడాను. ఏది నిజంగా పనికొచ్చిందో రాస్తే నాలాంటివాళ్ళకు కొన్ని వేలైనా మిగులుతాయి.

ముందే ఒక మాట. ఇదంతా వయసుతో వచ్చే అరుగుదల గురించే. పొద్దున్న లేవగానే చేతివేళ్ళ కీళ్ళు వాచి, గంటసేపు బిగుసుకుపోతుంటే అది వేరే జబ్బు కావచ్చు. రుమటాయిడ్ అనే కీళ్ళవాతం అయితే మందులు తొందరగా మొదలుపెట్టాలి. కాపడాలతో కాలం గడిపితే కీళ్ళు వంకర పోతాయి.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు కీలు గుజ్జు కోసమని అమ్మే గ్లూకోసమైన్ మాత్రలకే పోయింది. రోజుకు 1500 మిల్లీగ్రాములు, నెలకు వెయ్యి దాటేది. దానికి తోడు కొల్లాజెన్ పొడి. మొదట్లో తగ్గినట్టే అనిపించింది, తర్వాత వేసుకున్నా మానినా తేడా తెలియలేదు. మందుల షాపు అబ్బాయి మాత్రం "ఆపకండి పిన్నీ, గుజ్జు మళ్ళీ వస్తుంది" అనేవాడు. మొదట్లో తగ్గినట్టు ఎందుకనిపించిందో చదివాక అర్థమైంది. అమెరికాలో ప్రభుత్వ నిధులతో సుమారు 1,580 మంది మోకాళ్ళ నొప్పివాళ్ళ మీద చేసిన పరీక్ష ఫలితాలు 2006లో వచ్చాయి. మందు లేని ఉత్త మాత్ర మింగినవాళ్ళలో నూటికి 60 మంది నొప్పి తగ్గిందన్నారు. గ్లూకోసమైన్ మింగినవాళ్ళలో 64 మంది. ఆ కాస్త తేడాను లెక్కలోకి తీసుకోలేమని పరీక్ష చేసినవాళ్ళే తేల్చారు. అరుగుదల నొప్పి దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. బాగా నొప్పిగా ఉన్నప్పుడే కదా ఎవరైనా కొత్త మందు కొంటారు, అది తగ్గే రోజులకు పేరు ఆ మందుకు వస్తుంది. 2019లో అమెరికా కీళ్ళ వైద్యుల సంఘం మోకాలి అరుగుదలకు గ్లూకోసమైన్ వాడొద్దని గట్టిగానే చెప్పింది. ఇంకో సంగతి, ఈ మందును ఎక్కువగా రొయ్యల, పీతల పెంకుల నుంచి తీస్తారు. శాకాహారులూ, రొయ్యలు పడనివాళ్ళూ అట్టపెట్టె మీద చూసుకోవాలి. రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వేసుకునేవాళ్ళు డాక్టరును అడగకుండా దీని జోలికి పోకూడదు.

కొల్లాజెన్ గురించి ఎక్కువ రాయను. అదీ ఒక మాంసకృత్తే. మనం తిన్న మాంసకృత్తులు ఏవైనా పొట్టలో ముక్కలవుతాయి, నేరుగా వెళ్ళి మోకాలి గుజ్జుకు అతుక్కోవు. నాకేమీ తేడా కనిపించలేదు. అయస్కాంతం బెల్టూ అంతే. కాలికి కాస్త పట్టు దొరికేది, ఆ పట్టు మామూలు సాగే గుడ్డ బెల్టుతోనూ దొరుకుతుంది.

పైపూత మందుల దగ్గర మాత్రం నాకు బాగా కళ్ళు తెరుచుకున్నాయి. మా ఇంట్లో ఒకసారి మూడు ట్యూబులు పోగయ్యాయి. ఒకటి టీవీలో వచ్చే బ్రాండుది, ఒకటి మా అబ్బాయి ఆన్‌లైన్‌లో తెప్పించింది, ఒకటి జనరిక్ షాపుది. కళ్ళజోడు పెట్టుకుని మూడింటి వెనకా చదివాను. మూడింటి మీదా డైక్లోఫెనాక్ డైఇథైలమైన్ 1.16 శాతం అనే ఉంది. మిగతావి అవిసె నూనె, మిథైల్ శాలిసిలేట్, మెంథాల్. అంకెలు కూడా దాదాపు అవే. ధరలు మాత్రం ఎక్కడా పొంతన లేదు. అప్పట్నుంచి నేను జనరిక్ ట్యూబే కొంటున్నాను, అదే పని చేస్తోంది. రాయగానే చల్లగా, ఆ వెంటనే వేడిగా తగిలేది మెంథాల్, మిథైల్ శాలిసిలేట్‌ల వల్ల. అసలు నొప్పి మందు డైక్లోఫెనాక్. మోకాలికి పైపూతగా దీన్ని వాడమని ఆ కీళ్ళ వైద్యుల సంఘం 2019 సలహాల్లోనే గట్టిగా చెప్పారు. పైన రాస్తే రక్తంలోకి చేరేది కొద్దిగానే. అదే డైక్లోఫెనాక్ మాత్రల్ని ఎవరినీ అడగకుండా నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. పూత రాశాక మాత్రం గట్టిగా కట్టు కట్టొద్దు, వేడి కాపడం పెట్టొద్దు.

కాపడం విషయానికొస్తే, కల్లుప్పు కాపడాన్ని మించింది నాకు కనబడలేదు. రెండు గుప్పెళ్ళ కల్లుప్పు మూకుట్లో వేసి సన్నసెగ మీద వేయిస్తే కాసేపటికి చిటపటలాడుతుంది. ఆ చప్పుడు తగ్గాక పాత నూలు చీర ముక్కలో పోసి మూట కట్టాలి. ముందు మణికట్టు లోపలివైపు ఆనించి చూసుకోవాలి. అక్కడ ఓర్చుకోగలిగితేనే మోకాలికి. మూట చల్లారితే మళ్ళీ వేయించుకోవచ్చు, అదే ఉప్పు వారాల తరబడి వస్తుంది. షుగరు ఉండి కాళ్ళు తిమ్మిరెక్కేవాళ్ళు దీని దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి, కాలినా తెలియదు. మా అత్తగారు వావిలాకు మరిగించిన నీళ్ళు పోసుకునేవారు. నాకూ హాయిగానే ఉంటుంది. ఆ హాయి ఆకుదో వేడినీళ్ళదో అన్నది నాకు పట్టింపు లేదు. చిన్న సీసాలో అదే వావిలాకు నిర్గుండి తైలం పేరుతో దొరుకుతుంది. నువ్వుల నూనెతో మర్దన చేసుకున్నప్పటికంటే ఎక్కువ సుఖం అందులో నాకు దొరకలేదు.

పసుపు మాత్రలు కూడా కొన్నాళ్ళు వాడాను. సంతలో సవర ఆడవాళ్ళు తెచ్చే కొండ పసుపు నాకు ప్రాణం. మన పక్క కంధమాల్ పసుపుకు 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ పసుపులో మందుగా పనిచేస్తుందని చెప్పే కర్క్యుమిన్ అనే పదార్థం మూడు శాతం దగ్గర్లోనే ఉంటుంది, అందులోనూ ఒంటికి పట్టేది తక్కువ. అందుకని కంపెనీలు మిరియాల సత్తు కలిపి ఎక్కువ పట్టేలా చేస్తాయి. అలా పట్టేలా చేసిన మాత్రలతో కాలేయం దెబ్బతిన్నవాళ్ళ సంగతులు ఇటలీ, అమెరికా వైద్యులు రాశారు. కూరలోనూ పాలలోనూ వేసుకునే పసుపుకు ఆ భయం అక్కర్లేదు. నేను మాత్రలు మానేశాను, పసుపు మానలేదు.

చవకది కాబట్టి మంచిదే అనుకునేవాళ్ళకు చెప్పాల్సింది ఒకటుంది. ఊరూరా తిరిగేవాళ్ళు, సంతల్లో గుడ్డ పరిచి కూర్చునేవాళ్ళు పేరూ ఊరూ లేని పొట్లాల్లో నల్ల గోలీలు అమ్ముతారు. ధర తక్కువ, నొప్పి రెండో రోజుకే మాయం. మా వీధిలో ఒక పెద్దావిడ అవి వేసుకుని లేచి పరుగెత్తినట్టే తిరిగారు. కొన్ని నెలలకు ముఖం గుండ్రంగా ఉబ్బింది, ఎప్పుడూ లేని షుగరు వచ్చింది. ఆసుపత్రిలో చూసి ఆ గోలీల్లో స్టీరాయిడ్ ఉండుంటుందన్నారు. అంత తొందరగా నొప్పి పోవడమే అనుమానించాల్సిన సంగతి. ఇంకా ముఖ్యమైంది, నెలల తరబడి వేసుకున్నవాళ్ళు ఒక్కసారిగా మానేయకూడదు. ఒంట్లో సహజంగా తయారయ్యే స్టీరాయిడ్ అప్పటికి మందగించి ఉంటుంది, ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ పొట్లం తీసుకుని నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, తిడతారని దాచకూడదు.

ఇన్నింటిలో నా మోకాళ్ళను నిజంగా నిలబెట్టింది ప్రభుత్వ ఆసుపత్రిలో ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పిన తొడ కండరాల వ్యాయామం. దానికి ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుని మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టాలి. దాన్ని మోకాలితో కిందికి నొక్కుతూ పది అంకెలు లెక్కపెట్టి వదలాలి. ఇంకోటి, కుర్చీలో కూర్చుని ఒక కాలు తిన్నగా చాపి పది లెక్కపెట్టాక మెల్లగా దించాలి. దించడంలోనే అసలు బలం ఉంది, దబ్బున పడేయకూడదు. మొదటి వారం తొడలు నొప్పెట్టాయి. మోకాలికి తేడా తెలియడానికి నెల దాటింది. అక్కడే అందరూ మానేస్తారు, మాత్రలాగా పొద్దున్న వేసుకుంటే సాయంత్రం తెలిసేది కాదు మరి. తొడ ముందు కండరం బలంగా ఉంటే అడుగు వేసినప్పుడు బరువు అది మోస్తుంది, అరిగిన కీలు మీద అంత పడదు. బరువు తగ్గితే ఇంకా మేలు. ఒంట్లో కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో ఒక పరిశోధనలో లెక్కగట్టారు. ఈ వ్యాయామం గురించి ఏ చానల్లోనూ ప్రకటన రాదు, అమ్మడానికి అందులో ఏమీ లేదు కాబట్టి.

ఆ అమ్మాయే ఇంకొన్ని చెప్పింది. కత్తిపీట ముందు గొంతుక్కూర్చోవడం మాని బల్ల మీద కూరలు తరగమంది, తరుగుతున్నాను. మరుగుదొడ్లో కమోడ్ కుర్చీ వేసుకోమంది. నేను పెట్టిన ఖర్చుల్లో బాధ లేనిది ఇదొక్కటే. మెట్లెక్కేటప్పుడు నొప్పి లేని కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. చేతికర్ర పట్టుకునేవాళ్ళు చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, రెండో వైపు చేతిలో పట్టుకుంటేనే మోకాలి మీద బరువు తగ్గుతుంది. కర్ర పొడవు కూడా చూసుకోవాలి, చెప్పులేసుకుని నిలబడి చెయ్యి కిందికి వదిలితే పిడి మణికట్టు దగ్గరికి రావాలి. మా బజారులో వెదురు కర్ర ఆ కొలతకు అక్కడికక్కడే కోసి ఇస్తారు, కింద రబ్బరు బిరడా మాత్రం మందుల షాపులో అడిగి వేయించుకోండి.