12 ముక్కల పిరమిడ్ ఫోమ్ ప్యాకెట్: వీణ, గొంతు రికార్డింగుకు ఎంతవరకు పనికొస్తుంది?

అడుగు చదరపు ముక్కలు, అంగుళం మందం, నల్ల రంగు. ఆన్‌లైన్‌లో దొరికే ఈ ప్యాకెట్ల మీద చాలావరకు 'సౌండ్‌ప్రూఫ్' అని ఉంటుంది. ఆ మాట నమ్మి కొంటే డబ్బు దండగ. విజయనగరంలో స్టేషన్ పక్కన ఇల్లుంటే రాయగడ వైపు వెళ్లే గూడ్సు రొద, వీధిలో ఆటో హారన్లు ఫోమ్ అంటించాక కూడా అంతే వినిపిస్తాయి. గాలి దూరే మెత్తటి సరుకు బయటి చప్పుడును ఆపలేదు. దానికి బరువు కావాలి, సందులు మూయాలి. తలుపు కింద ఖాళీకి రబ్బరు పట్టీ, కిటికీ రెక్కల అంచుకు స్పాంజి టేపు వేస్తే వచ్చే తేడా ఇలాంటి ప్యాకెట్లు నాలుగు అంటించినా రాదు.

ఇది పనికొచ్చేది గది మోతకు. స్లాబు ఇల్లు, సిమెంటు గోడలు, టైల్స్ నేల, సామాను తక్కువ. చప్పట్లు కొడితే వెనకాలే రేకు మోగినట్టు వస్తుంది చూశారా, దాన్ని తగ్గిస్తుంది. అదీ సుమారు 1000 హెర్ట్జ్ పైనే, అంటే పై స్వరాలనే. 100 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు దాదాపు మూడున్నర మీటర్లు, అంగుళం స్పాంజికి అది చిక్కదు. అందుకే గోడలనిండా పలచటి ఫోమ్ వేసిన గదుల్లో సకారాలు చచ్చిపోయి, గొంతు మూసుకుపోయినట్టు, గుమ్ముమంటూ మిగులుతుంది. కొంటే రెండంగుళాలదే కొనండి. గోడకు రెండంగుళాల ఎడం వదిలి వేలాడదీస్తే ఇంకాస్త కింది స్వరాలను కూడా పడుతుంది.

పదడుగుల గదికి నాలుగు గోడలూ కలిపి 400 చదరపు అడుగులు. ప్యాకెట్ మొత్తం 12. అంటే మూడు శాతం. అక్కడో ముక్క ఇక్కడో ముక్క అలంకారంగా అంటిస్తే ఏమీ తేలదు. చాలామంది మైకు వెనక గోడకే అంటిస్తారు. కార్డియాయిడ్ (ఒక వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే) మైకు వినేది ముందు వైపు, అంటే పాడే మనిషి వీపు వెనక గోడ నుంచి తిరిగొచ్చే శబ్దం నేరుగా దాంట్లో పడుతుంది. ముందు అక్కడ వేయండి, తలకు అటూ ఇటూ గుంపుగా. ఆ మాటకొస్తే ఆరడుగుల దూది పరుపు ఒకటి నిలబెడితే ఈ ప్యాకెట్ కన్నా విస్తీర్ణం ఎక్కువ, మందమూ ఎక్కువ, ఖర్చు సున్నా.

ఫోమ్ కన్నా ముందు సరిచూడాల్సింది మైకు దూరం. 30 సెంటీమీటర్ల నుంచి 15కు తెస్తే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది శబ్దం ఉన్నచోటే ఉంటుంది. మరీ దగ్గరైతే కింది స్వరం ఉబ్బుతుంది, 'ప', 'బ'ల దగ్గర గాలి కొడుతుంది. మైకును నోటికి కాస్త పక్కగా తిప్పితే సరి. ఫ్యాను ఆపాల్సిందే. గొంతుకైతే 80 హెర్ట్జ్ కింది ధ్వనిని ఫిల్టరుతో కోసేయొచ్చు. వీణకు ఆ పని చేయొద్దు: మూడు శ్రుతికి కట్టిన వీణలో అనుమంద్ర పంచమం (అన్నిటికన్నా కింది స్వరం పలికే తీగ) సుమారు 62 హెర్ట్జ్‌లో ఉంటుంది, ఫిల్టరు దాన్నే తినేస్తుంది. వీణ నాదం మెల్లన కాబట్టి గెయిన్ (మైకు నుంచి వచ్చే శబ్దాన్ని పెంచే మోతాదు) ఎక్కువ పెట్టాలి, దాంతో ఇన్వర్టరు గుయ్యి కూడా పైకొస్తుంది. దాన్ని వేరే గదికి మార్చండి.

ప్యాకెట్ గాలి తీసి నొక్కి వస్తుంది. విప్పగానే అంటించొద్దు, ఒకటి రెండు రోజులు పరిచి ఉంచితే ఉబ్బుతుంది. మూలలు లేవకపోతే నీళ్లు తేలిగ్గా చిలకరించండి. వెనక జిగురు మన ఉక్కపోతకు నిలవదు, ఊడేటప్పుడు డిస్టెంపరు పెచ్చుతో సహా వస్తుంది. ముక్కలన్నీ ప్లైవుడ్ మీద అంటించి, దాన్ని మేకుకు తగిలించడం మేలు. అద్దె ఇంట్లో మరీనూ. దేవుడి గూడు, అగరొత్తులు ఉన్న గోడకు మాత్రం అసలు వద్దు. నిప్పు తగిలితే ఈ సరుకు క్షణాల్లో అంటుకుంటుంది, పొగ విషం.