కూరగాయల చెత్తతో ఇంటి గ్యాస్: నాలుగేళ్ళు వాడాక

సిలిండర్ కొనే పని తప్పుతుందన్న ఆశతో ఇది పెట్టించుకోవాలనుకునేవాళ్ళకి ముందే చెప్తున్నా, తప్పదు. మాది పెరట్లో పెట్టిన ఒక ఘనపు మీటరు ప్లాస్టిక్ బయోగ్యాస్ ప్లాంటు. ఒక డ్రమ్ములో ఇంకో డ్రమ్ము బోర్లించి ఉంటుంది, గ్యాస్ చేరేకొద్దీ పైది లేస్తుంది. గేదెలు లేవు కాబట్టి మొదట్లో పాలకి తోడు వేసినట్టు పేడ కలిపి పోశాం, అంతే. రోజూ వేసేది కూరల తొక్కలు, గంజి, మిగిలిన అన్నం, అరటి తుక్కు.

ఘనపు మీటరు గ్యాస్ అంటే సుమారు 450 గ్రాముల ఎల్‌పీజీతో సమానం. కానీ రోజూ అంత రాదు. ఐదు కిలోల తొక్కలకి మాకు ముప్పావుగంట మంట వస్తే గొప్ప. తొక్కల్లో నూటికి తొంభై వంతులు నీళ్ళే మరి. పాచిపోయిన అన్నం కిలో వేస్తే దాదాపు అరగంట వస్తుంది. పిండి, చక్కెర త్వరగా అరుగుతాయి. పీచు అరగదు. గోంగూర కాడలు, మునక్కాయ పిప్పి, కొబ్బరి పీచు పైకి తేలి అట్ట కడతాయి. అమ్మినవాళ్ళు "ఏ చెత్తయినా వేసుకోండి సార్" అన్నారు గానీ, ఆ అట్టని కర్రతో పొడవాల్సింది వాళ్ళు కాదు కదా! నిమ్మ, బత్తాయి తొక్కల జోలికి అసలు పోకండి, వాటి నూనె లోపలి బ్యాక్టీరియాకి పడదు.

అసలు టెన్షన్ మామిడిపళ్ళ కాలంలో. లోపల పనిచేసేవి ఒకే రకం సూక్ష్మజీవులు కావు. కొన్ని తీపిని చకచకా పులియబెట్టి ఆమ్లాలుగా మారుస్తాయి. వాటి నుంచి మీథేన్, అంటే మండే గ్యాస్, తయారుచేసేవి మాత్రం మహా నిదానం, పైగా పులుపు ఎక్కువైతే పనే మానేస్తాయి. తమాషా ఏంటంటే అప్పుడు కూడా డ్రమ్ము బాగానే లేస్తుంది. తీరా పొయ్యి దగ్గర అగ్గిపుల్ల గీస్తే అంటుకోదు, ఎందుకంటే లోపల ఉన్నది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్. గ్యాస్ పోగా బయటికొచ్చే పల్చటి బురద, అంటే స్లర్రీ కూడా పుల్లటి కంపు కొడుతుంది. అలాంటప్పుడు మేము చెత్త వేయడం ఆపి, పేడనీళ్ళు, కాస్త సున్నపు తేట పోస్తాం. వారం పది రోజులకి మళ్ళీ నీలం మంట వస్తుంది. పులుపు ఎంతుందో రంగుతో చూపే పీహెచ్ కాగితాలు దగ్గర పెట్టుకుంటే కంపు దాకా పోకుండానే తెలుస్తుంది, ఏడు దరిదాపుల్లో ఉంటే చాలు.

చలికాలంలో గ్యాస్ సగానికి పడిపోతుంది, దానికి మేము చేయగలిగింది పెద్దగా లేదు. గొట్టంలో నీరు చేరితే మంట ఎగిరెగిరి పడుతుంది, వంపు దగ్గర విప్పి తీసేయాలి. గ్యాస్‌లో కలిసి ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ వల్ల బర్నర్ తుప్పు పడుతుంది, ఇప్పటికే ఒకటి మార్చాం. డ్రమ్ముల మధ్య సందులో దోమలు పెరుగుతాయి, వేపనూనె చుక్కలు వేస్తున్నాం.

ఇన్ని తిప్పలుపడి ఎందుకు ఉంచుకున్నారంటే, స్లర్రీ కోసం. నీళ్ళు కలిపి పోస్తే బొప్పాయి, అరటి ఎలా కాస్తున్నాయో చూసి పక్కింటివాళ్ళు బకెట్లు తెచ్చుకుంటున్నారు. నా లెక్కలో ఇది ఎరువు యంత్రం, గ్యాస్ కొసరు.

చెత్త ఎక్కువగా, రోజూ ఒకేలా దొరికేచోట లెక్క వేరు. 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో చెప్పిన హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ ప్లాంటులో అప్పట్లో రోజుకి 10 టన్నుల చెత్త వేస్తే 500 యూనిట్ల కరెంటు వచ్చేదన్నారు. తార్నాకలోని కేంద్ర ప్రభుత్వ రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ వాళ్ళ పరిజ్ఞానం అది. అలాంటిచోట చెత్తని ముందు మరపట్టి వేస్తారు. ఇంట్లో ఆ పని కత్తిపీటదే, అందుకే రోజూ తరిగే ఓపిక ఎవరికుందో చూసుకుని కొనండి. కొనేటప్పుడు చెత్త వేసే గొట్టం నాలుగంగుళాలకి తక్కువ ఉంటే తీసుకోవద్దు, అన్నం ముద్ద అడ్డుపడితే సాయంత్రమంతా దానితోనే సరిపోతుంది.